బిగించని నట్టు

కిందటి వారం వడ్రంగి మేస్త్రిని వర్క్‌షాపు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. వీధిలో పంటి డాక్టరమ్మ కారు ఆగింది. కొత్తగా తెరవబోయే తన ఆసుపత్రిలో, రోగులు కూర్చునే గది గోడలకి చెక్క పలకలు వేయించాలని ఆర్డరిచ్చిన అమ్మాయి ఆమె. లోపలి మిషన్ చప్పుడు బయట కూర్చున్నవాళ్ళ గుండెల్లో మోగకూడదట. "మిగతావన్నీ మీ ఇష్టం మేస్త్రిగారూ, అతుకు మాత్రం మా అమ్మ చూసి సరే అనాలి" అంది. ఆ అమ్మనే తీసుకొచ్చింది. కారు తలుపు తెరుచుకుంది. దిగిన మనిషిని చూడగానే మేస్త్రి చేతిలోని పెన్సిలు జారి కింద పడింది.

వచ్చింది అతని చెల్లెలు. పదకొండేళ్ళ క్రితం తండ్రి పోయినప్పుడు జనం వెనక కాసేపు నిలబడి, ఎవరితోనూ పలకకుండా వెళ్ళిపోయిన చెల్లెలు.

"మీరు చూస్తూ ఉండండి, నాకో గంట పనుంది" అని డాక్టరమ్మ కారు తిప్పుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల తన మేనకోడలని మేస్త్రికి అప్పుడు అర్థమైంది. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి చూశాడు. నెల రోజులుగా తన ఎదురుగా నిలబడి కొలతలు మాట్లాడుతుంటే పోల్చుకోలేకపోయాడు.

"లోపలికి రా" అనడానికి అతనికి కొంచెం సేపు పట్టింది. గొంతు బొంగురుగా వచ్చింది. ఆ రోజు దాన్ని వాడటం అదే మొదటిసారి మరి. అతను పెళ్ళి చేసుకోలేదు. పైగదిలో పడుకుంటాడు, కింద పని చేసుకుంటాడు. కొన్ని రోజులు సాయంత్రం దాకా నోరు విప్పే అవసరమే రాదు. అందుకని కొలతలు పైకి చదువుకుంటాడు. "ఎనభై నాలుగున్నర, ఎనభై నాలుగున్నర" అని. విన్నవాళ్ళు మరిచిపోతాడేమో పాపం అనుకుంటారు.

వర్క్‌షాపులో కుర్చీ ఒకటే. దాని మీద పొట్టు దులిపి ఆమెకి వేశాడు. గ్లాసూ ఒకటే. అది కడిగి టీ పోసి ఆమెకిచ్చి, తను ఫ్లాస్కు మూతలో పోసుకున్నాడు. ఆమె కూర్చోలేదు. గ్లాసు పుచ్చుకుని, తాగకుండా కిటికీ గట్టు మీద పెట్టింది. గది నాలుగు మూలలా చూసింది.

"నాన్న టేబుల్ ఏది?"

"లేదు."

"అమ్మేశావా?"

"విప్పి పొయ్యిలో పెట్టేశా."

ఆ టేబుల్ సంగతి తెలియనివాళ్ళకి ఓ నాలుగు ముక్కలు చెప్పాలి. రూటర్ అంటే మహా వేగంగా తిరిగే చిన్న కత్తి. మేస్త్రులు ఆ కత్తిని బిట్ అంటారు. రూటర్‌ని తలకిందులుగా బల్ల కింద బిగిస్తే, బిట్ ఒక్కటే బల్ల మధ్య రంధ్రంలోంచి పైకి కనిపిస్తుంది. పలకని ఫెన్సు అనే నిలువు చెక్కకి ఆనించి దాని మీదుగా తోస్తే అంచు పొడవునా గాడి పడుతుంది. బిట్ మార్చి ఇంకో అంచుని తోస్తే, అటూ ఇటూ తెగి మధ్యలో సన్నగా ఒక నాలుక మిగులుతుంది. ఈ పలక నాలుక పక్క పలక గాడిలో కూర్చుందంటే మేకు కనబడదు, సందు కనబడదు. వాళ్ళ నాన్నకి ఆ పనిలో పెద్ద పేరు. ఆయన తర్వాత పేరు కొడుకుది కాదు, పందొమ్మిదేళ్ళ కూతురిది. ఆ పిల్లని 'చిట్టి మేస్త్రి' అనేవాడు ఆయన. కొడుకు గురించి మాత్రం, "వీడికి నోట్లోనే నాలుక లేదు, చెక్కకేం పెడతాడు" అని అందరి ముందూ నవ్వేవాడు.

ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం తండ్రి పలక తోస్తున్నాడు. అవతల నిలబడి కొస అందుకుంటున్నది కూతురు. పలక ఒక్కసారి ఎగిరిపడింది. దాంతో పాటు తండ్రి చెయ్యి బిట్ మీదికి వెళ్ళింది. కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. పిల్ల తొందరపడి కొస లాగిందన్నారు. ఆడపిల్లని మిషన్ దగ్గర నిలబెడితే ఇంతేనన్నారు. మేనత్తయితే ఆ మాట వీధిలో నిలబడి మరీ అంది. ఆ తర్వాత ఆ పిల్ల వర్క్‌షాపు గడప తొక్కలేదు. ఆరు నెలలు తిరక్కుండా పెళ్ళి చేసి పంపేశారు. వర్క్‌షాపు కొడుక్కి వచ్చింది.

"నీ పని నువ్వు చేసుకో. నేను అతుకు చూడటానికి వచ్చాను, అంతే" అంది చెల్లెలు.

అరవై పలకలకీ గాడి వేయడం అప్పటికే అయిపోయింది. గోడ వారగా పేర్చి ఉన్నాయి. ఆమె దగ్గరికెళ్ళి పైపలక గాడిలో చూపుడువేలు పెట్టి ఒక కొస నుంచి ఇంకో కొసకి నడిచింది.

"నడిమికి లేదు. వెంట్రుకవాసి పక్కకుంది."

"అవును. అయితే అన్నిటికీ ఒకే ముఖం ఫెన్సుకి ఆనించి తోశాను."

"గుర్తు పెట్టావా?"

"పెన్సిల్‌తో. ప్రతిదానికీ."

ఆమె తల ఊపింది. ముఖం, అంటే బయటికి కనబడే వైపు, ఒకటే అయితే పక్కకి జరిగినా అన్నీ కలిసే జరుగుతాయి, గోడ మీద మిట్టపల్లాలు రావు. అది చెప్పాల్సిన పని ఆ ఇద్దరిలో ఎవరికీ లేదు. ఇన్నేళ్ళలో చెప్పకుండా అర్థం చేసుకునే మనిషి ఆ గదిలోకి రావడం అదే మొదలని మేస్త్రికి తట్టింది. వెంటనే పని మీదికి వంగిపోయాడు.

నాలుక తీసే బిట్ ఎక్కించాలి. ప్లగ్గు పీకాడు. పాత బిట్ తీసి, గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు. కొత్తది దింపి, ఒక స్పానర్‌తో ఇరుసు పట్టుకుని ఇంకో స్పానర్‌తో నట్టు బిగించాడు. చెయ్యి తుడుచుకుని మళ్ళీ బిగించాడు. లేచి నిలబడి, మళ్ళీ వంగి మూడోసారి చూశాడు. ప్లగ్గు పెట్టబోయి ఆగి, వెనక్కొచ్చి స్పానర్ అందుకున్నాడు.

"నాన్న ఒక్కసారే బిగించేవాడు" అంది చెల్లెలు.

"అలవాటైపోయింది."

అతను ఆమె వైపు చూడకుండా ప్లగ్గు పెట్టాడు.

స్విచ్చి వేయగానే రూటర్ కీచుమంది. చెల్లెలు రెండడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకుంది. మేస్త్రి ఒక పనికిరాని ముక్కని కుడి నుంచి ఎడమకి తోసి, మిషన్ ఆపి, ఆ నాలుకని గాడిలో పెట్టి చూశాడు. కూర్చోలేదు. అరచేత్తో చరిస్తే సగం దాకా వెళ్ళి బిగుసుకుంది.

"మందం ఎక్కువైంది" అంది ఆమె గోడ దగ్గరి నుంచే. "సుత్తి కావాలంటే అది అతుకు కాదు. వానాకాలం వస్తే ఉబ్బి పలక చీలుతుంది. కాగితం మందం తియ్యి."

కాగితం మందం తీశాడు. రెండో ముక్క నాలుక బొటనవేలి ఒత్తిడికే లోపలికి పోయి మెత్తగా కూర్చుంది. దాన్ని ఆమెకి అందించాడు. ఆమె కళ్ళు మూసుకుని అతుకు మీద వేలు రాసింది. ఎక్కడా గోరు తగల్లేదు.

"బాగుంది" అంది. ఆ ఒక్క మాటకే అతనికి కాస్త ధైర్యం వచ్చింది.

"మొదటి పలక నువ్వు తోస్తావా?"

ఆమె చటుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. కొంగు చాటున దాచుకున్నట్టు.

"వద్దు."

"నేను పక్కనే ఉంటా."

"వద్దన్నానా! నీకేం తెలుసు అన్నయ్యా?" ఆమె గొంతు పెరిగింది. "నీ మేనకోడలికి నేను నా చేత్తో స్నానం చేయించలేదు, తెలుసా? మా అత్తగారు చేయించేది. ఆవిడ లేనినాడు పక్కింటావిడని పిలిచేదాన్ని. ఒళ్ళు వంగదంటూ సాకులు చెప్పేదాన్ని. పిల్లని ఎత్తుకుని మెట్లు దిగిందీ లేదు. మా ఇంట్లో కూరలు తరిగేది ఆయనే. 'మహారాణీ, కత్తి పట్టుకుంటే కందిపోతావా' అని ఎగతాళి చేసేవాడు, నవ్వేసి ఊరుకునేదాన్ని. ఇవి మనిషి వేళ్ళు కొరికిన చేతులు. ఎప్పుడు ఏం చేస్తాయో అని భయం. ఒకరికి చెప్పుకుంటే నవ్వుతారు. ఇంటి నిండా మనుషులే, ఆ భయం ఒక్కరికీ చెప్పుకోలేదు."

ఆమె అక్కడ ఆగింది. అంత మాట్లాడినందుకు తనకే సిగ్గేసినట్టు కిటికీ వైపు తిరిగి, చల్లారిపోయిన టీ తీసి ఒక గుక్క తాగింది.

మేస్త్రి ఇన్నేళ్ళూ తన తప్పుని ఒక్కలాగే తలచుకుంటూ వచ్చాడు. చెల్లెలికి పని పోయింది, కానీ ఇల్లు వచ్చింది, మొగుడొచ్చాడు, పిల్ల పుట్టింది. తనకి ఒంటరి బతుకు మిగిలింది. అదే శిక్ష, చెల్లుకి చెల్లు అనుకున్నాడు. ఆ ఇంట్లో ఒక తల్లి తన చేతుల్ని చూసుకుని భయపడుతూ బతుకుతోందని అతనికి కలలో కూడా తోచలేదు.

"ఆ రోజు బిట్ మార్చింది నేను" అన్నాడు.

ఆమె తిరగలేదు. "ఏంటి?"

"నాన్న భోజనానికి వెళుతూ బిట్ మార్చి పెట్టమన్నాడు. నట్టు చేత్తో తిప్పాను. స్పానర్ తీసుకునేలోపు వీధిలోంచి నా స్నేహితుడు ఈల వేశాడు. మ్యాట్నీకి టైమైపోయింది. నాన్న వచ్చేలోపు వచ్చేస్తాం కదా, అప్పుడు బిగిద్దాం అనుకున్నా. కాదు, అది కూడా అబద్ధమే. ఏమీ అనుకోలేదు. పరిగెత్తాను, అంతే. సినిమా నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు జనం ఉన్నారు."

ఆమె మెల్లగా ఇటు తిరిగింది. ముఖంలో కోపం లేదు. లెక్క వేసుకుంటున్న మనిషి ముఖం అది.

"నట్టు వదులైతే బిట్ పైకి పాకుతుంది" అంది. "గాడి లోతు పెరగాలి."

"పెరిగింది. ఆ పలక చూశాను. మొదటి జానెడు మామూలుగానే ఉంది. అక్కణ్ణుంచి లోతు పెరుగుతూ పోయింది. చివర్లో చెక్క చిట్లి ఉంది."

"ఆ పలక ఏది?"

అతను తల వంచుకున్నాడు. "టేబుల్‌తో పాటే కాల్చేశా."

"అది ఒక్కటి ఉంటే చాలేది నాకు" అంది ఆమె. "ఎవరి మాటా అక్కర్లేకపోయేది. చెక్కే చెప్పేది."

తర్వాత ఆమె చేసిన పని అతను ఊహించనిది. కొంగు నడుముకి దోపింది. గాజులు మోచేతి వైపుకి తోసుకుంది. పేర్చిన వాటిలోంచి ఒక పలక దించి, ముఖం గుర్తు చూసుకుని, గాడి లేని అంచుని టేబుల్ మీదికి ఆనించింది. వంగి నట్టు దగ్గర చెయ్యి పెట్టబోయి, ఆగి, ముందు ప్లగ్గు పీకింది. స్పానర్‌తో ఒక్కసారి బిగించి చూసింది. మళ్ళీ ప్లగ్గు పెట్టింది.

మేస్త్రి అవతలి కొస అందుకోవడానికి అటు నడవబోయాడు.

"దూరంగా ఉండు" అంది.

రూటర్ కీచుమంది. ఆమె చేతులు వణకలేదు. ఎడమచెయ్యి పలకని ఫెన్సుకి అదిమింది, కుడిచెయ్యి తోపుడు చెక్కతో తోసింది. తొందరా లేదు, జంకూ లేదు. చప్పుడు ఒకే శ్రుతిలో సాగింది. పొట్టు సన్నగా ఎగిరి ఆమె నెరిసిన జుట్టు మీద పడుతోంది. ఏడడుగుల పలక ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చేసింది. ఆమె స్విచ్చి ఆపింది. బిట్ తిరగడం ఆగేదాకా చేతులు కదపలేదు. తండ్రి నేర్పిన పద్ధతి అది.

పలకని నిలబెట్టి నాలుక పొడవునా చూసింది. అప్పుడు వచ్చాయి కళ్ళనీళ్ళు.

"నేను లాగలేదు" అంది. అతనితో కాదు. ఆ పలకతో అన్నట్టుగా. "నేను కొస లాగలేదు. చెయ్యి ఇలాగే పెట్టుకున్నా. ఇలాగే పెట్టుకున్నా."

మేస్త్రి ఆమె దగ్గరికి వెళ్ళలేకపోయాడు, అక్కణ్ణుంచి కదలనూ లేకపోయాడు. ఓదార్చే హక్కు తనకి లేదని అతనికి తెలుసు. ఆ గదిలో ఇద్దరున్నారు. అయినా ఒక్కడే ఉన్న రోజుల కంటే అప్పుడే ఆ గది ఎక్కువ ఖాళీగా అనిపించింది.

ఆమె పైటచెంగుతో ముఖం తుడుచుకుంది. కుర్చీలో కూర్చుంది. ఒక ప్రశ్న అడిగింది.

"నాన్నకి తెలుసా?"

ఈ ప్రశ్న రాకుండా ఉంటే బాగుండునని అతను అనుకున్నాడు. అబద్ధం చెప్పొచ్చు. చనిపోయినవాణ్ణి కాపాడటం తేలిక. కానీ ఒక అబద్ధం ముప్పై ఒక్క ఏళ్ళు ఏం చేసిందో ఇప్పుడే కళ్ళారా చూశాడు.

"తెలుసు. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడోరోజున నన్ను పిలిచి అడిగాడు, నట్టు ఎవరు బిగించారురా అని. చెప్పేశాను."

"ఏమన్నాడు?"

"వద్దులే చెల్లీ."

"ఏమన్నాడు?"

"'దానికి రేపో మాపో పెళ్ళవుతుంది, ఒక నీడ దొరుకుతుంది. నీకు ఇది తప్ప ఇంకో పని రాదు. ఈ సంగతి బయటికొస్తే నీ చేత ఎవడూ పని చేయించుకోడు. నోరు మూసుకో' అన్నాడు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు వినడం కంటే తిట్లు తినడం నయం.

"నెల రోజులు ఆయనకి నా చేత్తో ముద్దలు పెట్టాను" అంది. "కుడిచెయ్యి కట్టు విప్పేదాకా. రెండు పూటలా. ఒక్కో ముద్దకీ లోపల్లోపల క్షమించు నాన్నా, క్షమించు నాన్నా అనుకుంటూ పెట్టాను. మధ్యలో ఏడుపొస్తే, 'ఊరుకో చిట్టి మేస్త్రీ, జరిగిందేదో జరిగింది' అని వీపు నిమిరేవాడు. అబ్బ, ఎంత మంచివాడు మా నాన్న, చెయ్యి పోగొట్టినదాన్ని కూడా ఏమీ అనట్లేదు అనుకున్నా. తెలిసే తిన్నాడన్నమాట."

"ఆయన కూడా చాలా..."

"ఆయన తరఫున నువ్వు మాట్లాడకు. నీ తరఫున నువ్వు మాట్లాడటానికే ఇన్నేళ్ళు పట్టింది."

వీధిలో కారు హారన్ మోగింది.

చెల్లెలు లేవలేదు. కళ్ళు తుడుచుకుని నిటారుగా కూర్చుంది. "నేను నిన్ను క్షమించానో లేదో నాకే తెలీదు. అది తర్వాత చూద్దాం. ముందు నువ్వొక పని చెయ్యాలి. ఆ రోజు నన్ను అన్నవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు, మన మేనత్తతో సహా. వాళ్ళందరికీ చెప్పాలి, నీ నోటితోనే. ఉత్తరాలూ ఫోన్లూ కాదు, ఎదురుగా కూర్చుని."

"చెప్తా."

"మొదట దానికి చెప్పు. నా కూతురికి. చిన్నప్పుడు 'అందరి అమ్మలూ జడ వేస్తారు, నువ్వెందుకు వెయ్యవు' అని అడిగేది. కత్తెరన్నా దువ్వెనన్నా భయమని ఎలా చెప్పను? అది చెప్పలేక, 'మీ తాతయ్య వేళ్ళు నా వల్లే పోయాయే' అని పన్నెండేళ్ళ పిల్లకి చెప్పుకున్నాను. ఇప్పుడే చెప్పు. నా ముందే."

మేస్త్రి పొట్టు అంటిన చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. నలుగురిలో నిలబడి నాలుగు మాటలు చెప్పిన రోజు అతని జీవితంలో లేదు. బయట కారు తలుపు వేసిన చప్పుడైంది. చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

డాక్టరమ్మ లోపలికి తొంగి చూసింది. తల్లి జుట్టు మీద పొట్టు, నడుముకి దోపిన కొంగు, ఎర్రబడ్డ కళ్ళు చూసింది. టేబుల్ మీదున్న పలక చూసింది. ఏమైందని అడగలేదు.

"కూర్చో" అంది తల్లి, కూర్చోవడానికి ఇంకో కుర్చీ లేదన్న సంగతి మరిచిపోయి. "మీ మామయ్య నీకో మాట చెప్తాడు."

డాక్టరమ్మ నిలబడే ఉంది. మేస్త్రి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్" అన్నాడు. "మీ తాతయ్య వేళ్ళు పోయింది మీ అమ్మ వల్ల కాదు. నా వల్ల. బిట్ ఎక్కించి నట్టు బిగించకుండా సినిమాకి పోయాను. ఆ తర్వాత నోరు మూసుకున్నాను. మీ అమ్మ చేతులు ఏ తప్పూ చెయ్యలేదు."

చెప్పేశాక తలెత్తాడు. ఆ పిల్ల ముఖంలో ఆశ్చర్యం ఉంటుందనుకున్నాడు, అసహ్యం ఉంటుందనుకున్నాడు. రెండూ లేవు. చాలాకాలంగా మోస్తున్న బరువేదో దించుకుంటున్న మనిషిలా ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

"తెలుసు మామయ్యా" అంది. "తాతయ్యే చెప్పారు. అమ్మకి మాత్రం మీరే చెప్పాలని తీసుకొచ్చాను."

చెల్లెలు కుర్చీలోంచి లేచి నిలబడింది. ముప్పై ఒక్క ఏళ్ళ సంగతి విన్నప్పుడు కూడా ఆమె ముఖం అంత తెల్లబోలేదు.

"ఎప్పట్నుంచి?" అంది.

అడిగింది అన్నని కాదు.